డిక్కీ తెరుచుకోకపోతే ఏముంది?

"ఏముంది" అన్న మాట మా ఇంట్లో రోజుకెన్నిసార్లు వినబడుతుందో ఎవరైనా లెక్కపెడితే బావుండును. కుళాయి కారుతోందంటే, ఏముంది, కింద బక్కెట్టు పెట్టు. బీరువా తాళం తిరగట్లేదంటే, ఏముంది, తలుపు దగ్గరగా వేసి ఉంచు, ఇంట్లో దొంగలెవరున్నారు. బాత్‌రూం గడియ పడట్లేదంటే, ఏముంది, లోపల ఉన్నవాళ్ళు ఓ దగ్గు దగ్గితే సరి. కారు డిక్కీ తెరుచుకోవట్లేదంటే, ఏముంది, వెనక సీట్లో పెట్టెయ్.

ఆ చివరి "ఏముంది" మా ఇంట్లో ఏడు నెలలు నడిచింది. అందులో ఏముందో ఇవాళ తీరిగ్గా చెబుతాను.

మాది 18 ఏళ్ల కారు. మా అమ్మాయి పుట్టిన ఏడాది కొన్నాం కాబట్టి దాని వయసు మాకెప్పుడూ లెక్క తప్పదు. అమ్మాయి ఇంజినీరింగ్‌కని హైదరాబాద్ వెళ్ళిపోయింది, కారు మాత్రం మా దగ్గరే ఉంది. వెనక తలుపు మొత్తం పైకి లేచే చిన్న కారు. దాన్ని తెరవడానికి రెండు దార్లు. డ్రైవరు సీటు పక్కన కింద ఒక మీట ఉంటుంది, అది లాగితే కార్పెట్ కిందనించి వెనకదాకా వెళ్ళే కేబుల్ ఒకటి కొక్కేన్ని లాగుతుంది, "టక్" మని తలుపు లేస్తుంది. లేదా వెనకనించి తాళంచెవి పెట్టి తిప్పుకోవాలి. మీట ఉండగా చెవి ఎవరు తిప్పుతారు? మేమూ తిప్పలేదు, మీరూ తిప్పి ఉండరు.

కార్తీకమాసంలో వనభోజనాలనించి తిరిగొచ్చిన సాయంత్రం మా వారు మీట లాగారు. ఎప్పుడూ వచ్చే టక్ రాలేదు. చేద తెగిన తాడులా మీట వట్టిగా పైకొచ్చేసింది. వెనక్కి వెళ్ళి తాళంచెవి పెట్టారు. సగం దూరి ఆగిపోయింది. ఇంకాస్త నొక్కితే దూరింది గానీ తిరగలేదు. "సరేలే, ఇప్పుడు చీకటి పడింది, రేపు చూద్దాం" అన్నారు. ఆ రేపు జ్యేష్ఠమాసంలో వచ్చింది.

ఈలోగా ఏం జరిగిందంటే, ఏమీ జరగలేదు. అదే అసలు సంగతి. కారు నడుస్తోంది. ఏసీ చల్లగా ఉంది. పాటలు వస్తున్నాయి. డ్రైవరు సీట్లో కూర్చున్న మనిషికి కారులో ఏ లోపమూ కనబడదు. వెనక సీట్లోకి తొంగిచూస్తే గదా తెలిసేది! నెల సరుకుల సంచులు నా కాళ్ళ దగ్గర. బియ్యం బస్తా సీటు మీద, మనిషిలా దర్జాగా. కూరగాయలు ఒళ్ళో. అన్నిటికంటే ముఖ్యం, మా అత్తయ్య వాకర్. ఆవిడకి కిందటేడు రెండు మోకాళ్ళూ మార్చారు. ఆవిడ ఎక్కడికి వచ్చినా వాకర్ రావాల్సిందే. మడిచిన వాకర్‌ని ఆవిడకీ నాకూ మధ్య నిలబెడితే, స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా దాని కాలు నా పక్కటెముకల్లో ఒక పోటు పొడిచేది. బెంజిసర్కిల్ నించి మా ఇంటిదాకా ఎన్ని స్పీడ్ బ్రేకర్లున్నాయో విజయవాడ కార్పొరేషన్‌కి తెలుసో లేదో గానీ నాకు మాత్రం కంఠతా వచ్చు.

నేను చెబుతూనే ఉన్నాను. వారానికోసారి చెప్పాను, పండక్కి చెప్పాను, సర్వీసింగ్‌కి ఇచ్చేముందు కాగితం మీద రాసి కూడా ఇచ్చాను. వాళ్ళు ఇంజినాయిలు మార్చి, కారు కడిగి, "డిక్కీ లాక్ మొత్తం సెట్టు మార్చాలి సార్, పార్టు దొరకడం కష్టం" అని పంపేశారు. పార్టు దొరకదన్న మాట మా వారికి వేదవాక్కు అయిపోయింది.

అప్పట్నించే నేనొకటి గమనించడం మొదలుపెట్టాను. మీరూ మీ కారుని ఒకసారి ఈ కంటితో చూడండి. పాత కారులో ఏవేవి బాగుచేయించి ఉంటాయి, ఏవేవి అలాగే వదిలేసి ఉంటాయి? హారన్ మోగకపోతే ఆ పూటే షెడ్డుకి వెళుతుంది. క్లచ్ బరువైతే మర్నాడు. ముందు అద్దం మీద వైపర్ గీత పడితే వారంలోపు. అదే వెనక తలుపు అద్దం దిగకపోతే? వెనక సీటు బెల్టు గుచ్చుకోకపోతే? లోపలి దీపం వెలగకపోతే? డిక్కీ తెరుచుకోకపోతే? ఏళ్ళు గడిచిపోతాయి. బండిలో ముందు కూర్చున్నవాళ్ళ చేతికి తగిలేవన్నీ బాగుపడతాయి, వెనక కూర్చున్నవాళ్ళ చేతికి తగిలేవి "అడ్జస్ట్" అవుతాయి. వెనక ఎవరు కూర్చుంటారో వేరే చెప్పాలా? ఆడవాళ్ళు, ముసలివాళ్ళు, పిల్లలు.

ఇందులో మగవాళ్ళ కుట్ర ఏదో ఉందని నేననను. మా వారు మంచి మనిషి, అడిగితే ఆయనే ఆ వాకర్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటారు, కాకపోతే స్టీరింగ్ అడ్డం వస్తుంది. నేను చెప్పేది వేరు. ఒక వస్తువు పాడైనప్పుడు దాని ఇబ్బంది మాయమైపోదు, ఎవరో ఒకరి మీదికి బదిలీ అవుతుంది. ఆ బదిలీ అయినవాళ్ళు నోరు మూసుకుని సర్దుకుంటే చాలు, మిగతా ఇంటికి ఆ వస్తువు పాడైనట్టే తెలియదు. కుళాయి కింద బక్కెట్టు ఎవరు ఖాళీ చేస్తున్నారో, ఆవిడకే కుళాయి పాడైంది. మిగతావాళ్ళకి అది బాగానే ఉన్నట్టు లెక్క.

మా అత్తయ్య కూడా "పోనీలే అమ్మాయ్, సర్దుకుపోదాం" అన్నవారే. ఆవిడ తరానికి సర్దుకుపోవడం ఒక విద్య. రెండు గదుల్లో తొమ్మిది మందిని సర్దిన మనిషి ఆవిడ. ఆ విద్యంటే నాకు గౌరవమే. కానీ చోటు లేనప్పుడు సర్దుకోవడం వేరు, వెనకాల గదంత డిక్కీ ఖాళీగా పెట్టుకుని సర్దుకోవడం వేరు.

ఇంకో అడ్డంకి కూడా ఉంది, పాత కార్లున్న ప్రతి ఇంట్లోనూ ఉండేదే. "ఎలాగూ అమ్మేద్దాం అనుకుంటున్నాం గదా, ఇప్పుడు దాని మీద ఖర్చెందుకు?" ఈ అమ్మేద్దాం అన్నది మా ఇంట్లో ఐదేళ్లుగా వింటున్నాను. 15 ఏళ్లు నిండితే రిజిస్ట్రేషన్ అయిపోతుంది కదా, అప్పుడు అమ్ముతారనుకున్నాను. అమ్మలేదు. బండిని ఫిట్‌నెస్‌కి తీసుకెళ్ళి, గ్రీన్ టాక్స్ కట్టి, ఇంకో 5 ఏళ్లకి శుభ్రంగా రెన్యువల్ చేయించుకొచ్చారు. అంటే ఉంచుకుంటామని ప్రభుత్వానికి రాసిచ్చి, అమ్మేస్తామని నాకు చెబుతున్నారన్నమాట. అమ్మేవాళ్ళు అమ్మండి, ఉంచుకునేవాళ్ళు ఉంచుకోండి. అమ్మబోయే వస్తువులాగా చూస్తూ ఏళ్ళతరబడి వాడుకోవడం మాత్రం ఆ వస్తువుకీ అన్యాయం, వాడేవాళ్ళకీ అన్యాయం.

ఈ మే నెలలో ఏలూరులో మా తోడికోడలి అన్నకొడుకు పెళ్లి. ఆపరేషన్ తర్వాత అత్తయ్య ఊరు దాటి వెళ్ళడం అదే మొదలు. ఆ పిల్లవాడిని చిన్నప్పుడు ఎత్తుకుని పెంచారు, జీలకర్రా బెల్లం పెట్టేది కళ్ళారా చూడాలని ఆవిడ కోరిక. హనుమాన్ జంక్షన్ దాటాక వెనక టైరు పంక్చర్. స్టెప్నీ ఎక్కడ ఉంటుందో మీకు తెలుసు. జాకీ, స్పానర్లు కూడా అక్కడే.

హైవే మీద ఇలాంటప్పుడు 1033కి ఫోన్ చెయ్యొచ్చు, గుర్తుపెట్టుకోండి. కానీ ఎవరొచ్చినా బిగించాల్సిన టైరు మన డిక్కీలోదే కదా. అందరం దిగాం. వెనక సీటు ముందుకి మడిచాం. తొమ్మిదో తరగతి చదివే మా అబ్బాయి పెళ్లికని వేసుకున్న కొత్త కుర్తాతో పొట్ట మీద పాకుతూ లోపలికి వెళ్ళాడు. తలుపు మూసి ఉన్న డిక్కీలో ఎత్తు ఎంతుంటుంది? అడుగున అట్ట ఎత్తాలి, టైరుకి బిగించిన బోల్టు తిప్పాలి, ఆ బరువుని కూర్చునే చోటు కూడా లేకుండా ఎత్తి సీటు మీదుగా బయటికి తొయ్యాలి. బయట మే నెల పదిగంటల ఎండ. వాడు రెండుసార్లు బయటికొచ్చి నీళ్లు తాగి మళ్ళీ పాకాడు. ముప్పావుగంట పట్టింది.

రోడ్డు పక్కన నూజివీడు మామిడికాయలమ్మే బల్ల ఒకటి ఉంది. ఆ అమ్మే ఆయన తన ప్లాస్టిక్ స్టూలు తెచ్చి అత్తయ్యకి వేశాడు. మంచి మనిషి. కానీ అది పొట్టి స్టూలు. మోకాళ్ళు మార్చినవాళ్ళని ఎత్తు తక్కువ చోట కూర్చోవద్దని డాక్టరు మరీ మరీ చెప్పారు. ఎంతసేపని నిలబడతారు, కూర్చున్నారు. లేపడానికి నేనూ ఆ మామిడికాయలాయనా చెరో పక్కా పట్టుకోవాల్సి వచ్చింది. లేస్తున్నప్పుడు ఆవిడ నోట్లోంచి చిన్న శబ్దం వచ్చింది. "అబ్బా" కూడా కాదు, దాన్ని మింగిన శబ్దం. మా వారు జాకీ తిప్పుతూ అది విన్నారు. నేను ఏడు నెలలు చెప్పినదానికన్నా ఆ ఒక్క శబ్దం ఎక్కువ చెప్పినట్టుంది. మేం మండపానికి చేరేసరికి తలంబ్రాలు కూడా అయిపోయి ఫోటోలు దిగుతున్నారు.

"వీడియోలో చూస్తాలే అమ్మాయ్" అన్నారు అత్తయ్య. ఇంకేం మాట్లాడలేదు.

ఆ ఆదివారం నేనూ అబ్బాయీ ఆ డిక్కీ సంగతి తేల్చాం. ఈ భాగం కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే దీనికి మెకానిక్ విద్య ఏమీ అక్కర్లేదు, కుట్టుమిషన్‌కి నూనె వేసిన చేతులు చాలు.

ముందు మీట లాగి చూడండి. అది చేతికి ఏం చెబుతోందో గమనించండి. బిగువుగా ఉండి, లాగినా తలుపు లేవకపోతే కేబుల్ బాగానే ఉన్నట్టు, వెనక కొక్కెం పట్టేసినట్టు. మా దానిలా బరువే లేకుండా వచ్చేస్తే కేబుల్ తెగిందో, ఎక్కడో చివర ఊడిందో. బిగువుగా ఉన్నవాటికి తేలికైన ఉపాయం ఉంది. ఒకరు వెనక నిలబడి, తాళం ఉన్నచోట రెండు చేతులతో తలుపుని గట్టిగా కిందికి నొక్కి పట్టాలి, అదే సమయంలో ఇంకొకరు మీట లాగాలి. లోపల సామాన్లు కుక్కినా, ఎండకి రబ్బరు బీడింగ్ ఉబ్బినా, తలుపు పైకి తోసుకుంటూ ఉండి కొక్కెం మీద ఒత్తిడి పడుతుంది. నొక్కితే ఆ ఒత్తిడి తగ్గి వదిలేస్తుంది. చాలా డిక్కీలు దీనికే తెరుచుకుంటాయి. కిక్కిరిసిన ట్రంకుపెట్టె మీద చిన్నప్పుడు మనల్ని కూర్చోబెట్టి గొళ్ళెం తీసేవాళ్ళు చూడండి, అదే సూత్రం.

తర్వాత తాళంచెవి. కారు తాళంలో సన్నని రేకు ముక్కలు, వాటికి వెంట్రుకల్లాంటి స్ప్రింగులు ఉంటాయి. సరైన చెవి దూరినప్పుడు ఆ రేకులన్నీ ఒక వరుసకి వస్తేనే తాళం తిరుగుతుంది. పదేళ్లు దుమ్మూ వాన నీళ్ళూ తాగి కూర్చున్న రేకులు వరుసకి ఎలా వస్తాయి? అక్కడ బలం చూపించకూడదు. చెవి విరిగి సగం లోపల ఉండిపోతే కథ ఇంకా పెరుగుతుంది. రోజూ వాడి అరిగిన చెవి కాకుండా, బీరువాలో దాచిన రెండో చెవి తీయండి, దాని పళ్ళు పదునుగా ఉంటాయి. డబ్ల్యూడీ-40 లాంటి స్ప్రే కొట్టి, చెవిని తిప్పకుండా మెల్లిగా లోపలికీ బయటికీ ఆడించాలి. ఆ పేరులో డబ్ల్యూడీ అంటే నీటిని తరిమేదని అర్థం, 40 అంటే 40వ ప్రయత్నానికి కుదిరిన మందట. తుప్పునీ తడినీ వదిలించడానికి అది మంచిదే గానీ ఎక్కువకాలం నిలిచే జిడ్డు కాదు. అది ఆరాక పెన్సిల్ ములుకుని చెవి పళ్ళ మీద బాగా రుద్ది, పది సార్లు దూర్చి తీయండి. ఆ నల్లటి పొడి తాళంలో జారుడుకి పనికొస్తుంది, దుమ్ముని పట్టుకోదు.

కొబ్బరినూనె మాత్రం వద్దు. మనిళ్ళలో ఏది పట్టేసినా చెయ్యి మొదట దానిమీదికే పోతుంది. 24 డిగ్రీల కిందకి దిగితే గడ్డకట్టే నూనెని తాళంలో పోస్తే ధనుర్మాసం తెల్లవారుజామున ఏమవుతుందో ఊహించుకోండి. వంటనూనె ఏదైనా ఇంతే, కొన్నాళ్లకి బంకలా సాగుతుంది. మా అమ్మ కుట్టుమిషన్ దగ్గరికి వంటింటి నూనె సీసా రానిచ్చేది కాదు, మిషన్ నూనె అంటే మిషన్ నూనే. ఆ పట్టుదల నాకిప్పుడు పనికొచ్చింది.

మాకు చెవి దూరింది గానీ ఆ రోజు తిరగలేదు. దాంతో లోపలి దారి పట్టాం. సీటు మడిచి, టార్చి పట్టుకుని అబ్బాయి మళ్ళీ పాకాడు, ఈసారి పాత నిక్కరుతో. తలుపుకి లోపలివైపు ఒక ప్లాస్టిక్ పలక ఉంటుంది, దాన్ని క్లిప్పులతో నొక్కి బిగిస్తారు. స్క్రూడ్రైవర్ మొనకి గుడ్డ చుట్టి అంచుల దగ్గర మెల్లిగా ఎత్తితే ఒక్కోటీ ఊడుతుంది. పాత కార్లలో ఈ క్లిప్పులు పెళుసెక్కి విరుగుతాయి. మాకు మూడు విరిగాయి, విరగనివ్వండి, అవి విడిగా దొరుకుతాయి. పలక ఊడాక టార్చి వేస్తే కొక్కెం, దాని పక్కన చిన్న ఇనప చెయ్యి కనబడ్డాయి. ఆ చేతికి తగులుకోవాల్సిన కేబుల్ చివర జడలో వెంట్రుకల్లా చీలికలై, ఊడి వేలాడుతోంది. "అమ్మా, ఇది కేబుల్ లాగే వైపుకి తోస్తే చాలేమో" అన్నాడు వాడు. తొయ్యమన్నాను. స్క్రూడ్రైవర్‌తో తోశాడు.

టక్.

ఏడు నెలల తర్వాత ఆ శబ్దం వింటే నాకు నవ్వొచ్చింది, వాడికి కోపం వచ్చింది. పలక ఊడదీయడం మొదలుపెట్టినప్పట్నించి పది నిమిషాలు కూడా కాలేదు. పార్టు దొరకదని, సెట్టు మొత్తం మార్చాలని అన్న లాక్‌కి అసలు ఏ జబ్బూ లేదు.

ఇక్కడ ఒక్కటి గుర్తుంచుకోండి, మిగతావన్నీ మరిచిపోయినా పర్లేదు. తెరుచుకుంది కదా అన్న సంబరంలో వెంటనే మళ్ళీ మూసెయ్యకండి. తలుపు పైకి ఎత్తే ఉంచి, స్క్రూడ్రైవర్‌తో కొక్కేన్ని నొక్కి మూసిన స్థితికి తెండి. ఇప్పుడు మీటతో, చెవితో అది వదులుతోందో లేదో చూడండి. వదిలితేనే తలుపు వెయ్యండి. లేదంటే తలుపుని తాడుతో కట్టుకునైనా షెడ్డుకి వెళ్ళండి గానీ మూయకండి. పాత టూత్‌బ్రష్‌ని కిరసనాయిల్లో ముంచి కొక్కెం చుట్టూ ఉన్న నల్ల జిడ్డు కడిగేసి, తుడిచి, కొత్త గ్రీజు కొద్దిగా రాయాలి. కొద్దిగా అంటే కొద్దిగానే, పూర్ణాలకి నెయ్యి వేసినట్టు కాదు.

డిక్కీ విడిగా పొడుచుకొచ్చి ఉండే పెద్ద కార్లలో వెనక సీటు మడవడం కుదరకపోవచ్చు. కొన్నిట్లో సీటు వీపు బోల్టులు తీస్తే దారి వస్తుంది, కొన్నిట్లో ఇనప రేకు అడ్డం ఉంటుంది. వాటికి షెడ్డుకి వెళ్ళడమే నయం. గ్యాస్ సిలిండర్ పెట్టించుకున్న కార్లలో కూడా లోపలికి పాకే సాహసాలు వద్దు.

డిక్కీలో ఏం దొరికాయంటారా? రెండు చాపలు, ఒక గొడుగు, అబ్బాయి వెతికి వెతికి అలిగిన క్రికెట్ బంతి, పక్కింటివాళ్ళ స్టీలు క్యారియరు. ఆ క్యారియరు గురించి పక్కింటావిడ కార్తీకమాసం నించి ఏమీ అడగలేదు, కానీ ఆ తర్వాత మాకు పులిహోర అరిటాకులో పొట్లం కట్టి పంపేవారు. నాకప్పుడు అర్థం కాలేదు.

వాడకపోతే పాడయ్యే వస్తువులు, వాడితే అరిగే వస్తువుల కన్నా ఎక్కువ. మన దేశంలో మొదటి మారుతి 800 తాళంచెవిని 1983 డిసెంబరు 14న ఇందిరాగాంధీ చేతులమీదుగా ఢిల్లీకి చెందిన హర్‌పాల్ సింగ్ అందుకున్నారు. ఆ ఫోటో చాలామంది చూసే ఉంటారు. ఆయన 2010లో పోయాక ఆ కారు ఇంటిముందు రోడ్డు మీద తుప్పు పడుతూ ఉండిపోయింది, తర్వాత కంపెనీవాళ్ళు బాగుచేయించి తమ ఆఫీసులో ప్రదర్శనకి పెట్టుకున్నారు. అంత చరిత్ర ఉన్న బండికే ఆ గతి పట్టిందంటే, మా డిక్కీ తాళం ఏపాటి? ఇప్పుడు నెలకోసారి, సరుకులు తెచ్చిన రోజున, మీట జోలికి పోకుండా చెవితోనే తెరుస్తున్నాను.

ఇదంతా విని డల్లాస్‌లో ఉన్న మా ఆడపడుచు "వదినా, మా కార్లలో డిక్కీ లోపల కూడా హ్యాండిల్ ఉంటుంది, చీకట్లో మెరుస్తుంది తెలుసా" అని వీడియో కాల్‌లో చూపించింది. లోపల సామాన్లుంటాయి గానీ మనుషులుంటారా అని నవ్వబోయాను. ఆ తర్వాత దాని వెనక కథ చదివాక నవ్వు ఆగిపోయింది. 1995లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జానెట్ ఫెనెల్ అనే ఆవిడనీ ఆవిడ భర్తనీ దొంగలు వాళ్ళ కారు డిక్కీలోనే పడేసి మూసేశారు. పసిబిడ్డ ఏమైందో తెలియదు. ఆ చీకట్లో తడుముకుంటుంటే డిక్కీని తెరిచే కేబుల్ దొరికింది, దాన్ని లాగి బయటపడ్డారు. బిడ్డ క్షేమంగానే ఉంది. మిగతావాళ్ళయితే "గండం గడిచింది" అని దేవుడికి దణ్ణం పెట్టుకుని ఊరుకునేవారు. ఆవిడ ఊరుకోలేదు. ప్రతి డిక్కీకీ లోపల్నించి తెరుచుకునే ఏర్పాటు ఉండాలని ఏళ్ళతరబడి పోరాడింది. 1998 వేసవిలో అక్కడ మూడు వారాల్లోనే 11 మంది చిన్నపిల్లలు ఆడుకుంటూ డిక్కీల్లో చిక్కుకుని చనిపోయారు. ఆఖరికి 2001 సెప్టెంబరు నించి తయారయ్యే, విడిగా డిక్కీ ఉండే కార్లన్నిటికీ ఆ హ్యాండిల్ తప్పనిసరి చేశారు. కేబుల్ తనకి దొరికింది కదా, ఇంకేముంది అని ఆవిడ అనుకుని ఉంటే?

మనదగ్గర వేసవి సెలవుల్లో ఆగి ఉన్న కార్లలోకి పిల్లలు ఎక్కి, తలుపులు పడిపోయి ప్రాణాలమీదికి వచ్చిన వార్తలు పేపర్లో చదువుతూనే ఉంటాం. అందుకే మా అబ్బాయికి తెలిసిన విద్యని వాడి పెదనాన్న పిల్లలకి కూడా నేర్పించాను. ఆగి ఉన్న కారు, తలుపులన్నీ తెరిచి, పెద్దవాళ్ళు పక్కనే ఉండగా. ఏ మీట దేనికి, వెనక తలుపుకి చైల్డ్ లాక్ పడి ఉంటే ముందు సీట్లోకి దూకి ఎలా దిగాలి, హారన్ ఎంతసేపు నొక్కాలి. హారన్ పాఠం వాళ్ళకి బాగా నచ్చింది, వీధిలోవాళ్ళకి నచ్చలేదు.

కేబుల్ మార్పించడానికి ఆటోనగర్ వెళ్ళాం. ఈసారి నేనూ వెళ్ళాను. పేపర్లో ఫోటో వెయ్యాల్సినంత పాత కేబుళ్ళ గుట్టలోంచి మా కారుకి సరిపోయేది ఒకటి ఐదు నిమిషాల్లో వెతికి తీశాడు ఆ కుర్రాడు. కార్పెట్ లేపి, పాతది లాగి, కొత్తది తొడిగి, తాళం ఊడదీసి కడిగి మళ్ళీ పెట్టేసరికి రెండు గంటలు. మొత్తం 900 రూపాయలు. మా వారు డబ్బులిస్తూ నా వంక చూడకుండా "ఇంతేనా" అన్నారు. ఆ కుర్రాడు చేతులు తుడుచుకుంటూ, "అమ్మా, వెనక ఎడమపక్క అద్దం కూడా దిగట్లేదు. పర్లేదంటే వదిలేస్తాను, చూడమంటే చూస్తాను" అన్నాడు.

అత్తయ్య కూర్చునేది అటువైపే. మా వారు నోరు తెరిచేలోపు చూడమన్నాను.